అంగిట్లో ఆగిన మాట

"గట్టిగా అరగదియ్యవే. రాయి మీద రాస్తున్నావా, రాయిని బుజ్జగిస్తున్నావా?" అంది మాణిక్యమ్మ మంచం మీంచే.

రామతులసి సానరాయి మీద మరో చుక్క తేనె వేసి వసకొమ్మును అరగదీసింది. పసిపిల్లలకి మాటలు త్వరగా రావాలని నాలిక్కి రాసే వసని, ఏడేళ్ళ పిల్లకి కూడా వదలకుండా పోస్తున్న ఇల్లు భవానీపురం మొత్తానికి ఇదొక్కటే అయివుంటుంది. లేచీ లేవగానే సీత పెరటి గుమ్మంలోకి వచ్చి, ఎవరూ అడక్కుండానే నాలిక చాపి నిలబడేది. ఆ ఘాటుకి పిల్లకి కళ్ళ నీళ్ళు తిరిగేవి. ఒక్కో రోజు కక్కేది కూడా. కక్కినప్పుడల్లా మాణిక్యమ్మ, "పోనీలే, లోపలి దోషం బయటికి పోతోంది" అని సంతోషించేది. కక్కింది కడిగేది కోడలు కాబట్టి ఆవిడ సంతోషానికి అడ్డేమీ ఉండేది కాదు.

సీత అంగిట్లో చీలికతో పుట్టింది. పెదవి చక్కగా ఉండటంతో మొదట ఎవరికీ తెలియలేదు. తాగిన పాలు ముక్కులోంచి వస్తుంటే రామతులసే పిల్ల నోరు తెరిచి దీపం దగ్గర చూసింది. గ్రహణం పూట ఏం ముట్టుకున్నావని అత్తగారు, మీ వైపు ఇలాంటివాళ్ళు ఎవరున్నారని భర్త, అదే పనిగా అడిగారు. ఆ పిల్లని ఉగ్గుగిన్నెతో, కాస్త పైకి ఎత్తిపట్టుకుని, ఊపిరి తిప్పుకుంటోందో లేదో చూసుకుంటూ, చుక్కచుక్కగా పాలు పట్టి ఎలా బతికించావని మాత్రం ఎవరూ అడగలేదు. మూడో ఏట గుంటూరు తీసుకెళ్ళి కుట్లు వేయించారు. ఆ రోజుతో భర్త సంజీవరావు దృష్టిలో ఆ సంగతి ముగిసిపోయింది. గవర్నర్‌పేటలో ఆయనకి ఆయిల్ ఇంజన్ల విడిభాగాల షాపు ఉంది. పగిలినదానికి అతుకు వేస్తే ఇంజను ఆడాలి. ఆడలేదంటే నడిపేవాడి తప్పు.

"నన్ను నాన్నా అని ఎంత స్పష్టంగా పిలుస్తుందో వినలేదా? నానమ్మని పిలుస్తుంది. నిన్ను పిలుస్తుంది. ఇవి వచ్చినదానికి మిగతావి ఎందుకు రావు? బద్ధకం. నువ్వు గారం చేసి చెడగొట్టావు" అనేవాడు.

నిజమే, సీత అమ్మా అన్నా, నాన్నా అన్నా, నానమ్మా, మామా అన్నా ముత్యాల్లా పలికేది. బంధువుల్ని పిలవడం వరకు ఏ లోటూ లేదు. పిలిచిన తర్వాత వాళ్ళతో ఏదైనా చెప్పబోతేనే వచ్చేది చిక్కు. బడి 'మని' అయ్యేది. బొమ్మ 'మొమ్మ' అయ్యేది. పలక అనబోతే సగం ముక్కులోకి పోయి, సగం గొంతులో టక్కుమని తెగిపోయేది. ఇక 'స' అన్నది దాని నోట్లో పుట్టనే లేదు. తన పేరే తను చెప్పుకోలేదు. ఆ పేరు పెట్టింది సంజీవరావే, వాళ్ళ నాయనమ్మ పేరని. బళ్ళో పిల్లలు ముక్కులు పట్టుకుని దాన్ని వెక్కిరిస్తే సీత వాళ్ళని కొట్టింది. పంతులమ్మ సీతని ఇంటికి పంపేసింది. అప్పటినుంచి పిల్ల ఇంట్లోనే తల్లి కొంగు పట్టుకుని తిరుగుతూ, పెరట్లో సంగతులూ వీధిలో సంగతులూ తల్లికే చెప్పేది. రామతులసికి ఒక్క అక్షరం తప్పిపోకుండా అర్థమయ్యేది. పొయ్యి దగ్గరా, దొడ్లో అంట్ల దగ్గరా, మధ్యాహ్నం షాపు కోసం ఆవిడ కత్తెరతో ఇంజన్ల ప్యాకింగ్ షీట్లు అచ్చు ప్రకారం కత్తిరిస్తున్నప్పుడూ ('ఖాళీగానే ఉంటావుగా' అని సంజీవరావు తెచ్చి పడేసేవాడు) ఆ చిన్న గొంతు పక్కన ఆడుతూనే ఉండేది.

వేసవి మొదట్లో రామతులసికి నెల తప్పింది. మాణిక్యమ్మ మొహం వెలిగిపోయింది. ఆ వెలుగులోనే ఆవిడకో ఆలోచన తట్టింది.

"కడుపులో ఉన్నవాళ్ళకి బయటి మాటలన్నీ వినపడతాయి. పురాణాల్లో లేదూ? తల్లి కడుపులోనే కూచుని పాఠాలు విన్నవాళ్ళు లేరూ? వీడు ఈ తొమ్మిది నెలలూ దాని ముక్కు మాటలు వింటే ఏం నేర్చుకుని బయటికి వస్తాడో ఆలోచించు" అంది కొడుకుతో. అప్పటికే కడుపులో ఉన్నది మగపిల్లాడని ఆవిడ తేల్చేసుకుంది.

సంజీవరావు అలాంటివి నమ్మనంటాడు. నమ్మకపోయినా, ఎందుకొచ్చిన గొడవ అంటాడు. కాబట్టి ఇంట్లో సీత తల్లి దగ్గర మాట్లాడకూడదన్నది చట్టమయింది. పిల్ల ఏదైనా చెప్పబోతూ వంటింట్లోకి వస్తే మాణిక్యమ్మ "ఉష్" అని చూపుడువేలు పెదవి మీద పెట్టేది. కొద్ది రోజులకి పిల్ల గుమ్మం దగ్గరే ఆగిపోయి, చెప్పాలనుకున్నది చేతులతో చూపించడం నేర్చుకుంది.

ఆ రోజుల్లో రామతులసి మనసులో ఒక మూల ఏముందో ఆవిడ ఎవరికీ చెప్పలేదు. ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే ప్రాణానికి కాస్త హాయిగా ఉండేది. వేవిళ్ళతో తల తిరిగిపోతుంటే, ఆ గొంతుని అర్థం చేసుకుంటూ, వీధిలో అందరికీ తిరిగి చెబుతూ, ఎవరైనా నవ్వితే తనూ నవ్వినట్టు మొహం పెడుతూ బతకడం ఎంత బరువో ఇన్నేళ్ళకి తెలిసొచ్చింది. బరువు దిగిందని ఒక్క క్షణం అనిపించేది. అంతలోనే గుమ్మంలో వేలితో గాల్లో ఏదో గీసి చూపిస్తున్న పిల్ల కనపడేది. కన్నతల్లినై ఉండి నాకిలా అనిపించడమేమిటని తనని తాను తిట్టుకునేది. తిట్టుకుని, మళ్ళీ పప్పు పొయ్యి మీద పెట్టేది. ఇంతకంటే ఎక్కువసేపు తిట్టుకునే తీరిక ఆ ఇంట్లో ఎవరిచ్చారు గనక.

ఒకరోజు సంజీవరావు అన్నం తింటూ, మూగ చెవిటి పిల్లల హాస్టలు స్కూలొకటి ఉందన్నాడు. బడి, భోజనం, అన్నీ వాళ్ళే చూసుకుంటారట. పై వారం చేర్చుకుంటారట. డాక్టరు దగ్గర్నుంచి పిల్లకి మాట లేదని సర్టిఫికెట్టు కావాలట.

"దానికి మాట ఉందిగా" అంది రామతులసి.

"అదీ ఒక మాటేనా?"

"చెవులు శుభ్రంగా వినపడతాయి. మూగవాళ్ళ మధ్య పడేస్తే ఆ ఉన్న మాట కూడా మర్చిపోతుందండీ."

"మర్చిపోతే పోయిందేముంది, నీకు తప్ప ఎవరికీ అర్థం కానిది! కాన్పయి నువ్వు లేచి తిరిగేదాకా దాన్ని ఎవరు చూస్తారు? అమ్మ చూస్తుందా? మజ్జిగ పొయ్యి."

ఆవిడ మజ్జిగ పోసింది. చెయ్యి కడుక్కుంటూ ఆయన అసలు సంగతి చెప్పాడు. ఇక్కడి పెద్దాస్పత్రిలో శౌరయ్య అనే డాక్టరున్నాడు, ఇలాంటి పిల్లల్ని ఎక్స్‌రే తెర మీద చూసి రాసిస్తాడు. ఎల్లుండి రమ్మన్నాడు. "అక్కడ అది నోరు విప్పకూడదు. ఒక్క ముక్క మాట్లాడినా రాయడు. నేను చెబితే భయపడి ఏడుస్తుంది. నువ్వు చెప్పు. నీ మాటైతే వింటుంది."

అన్నేళ్ళ కాపురంలో తన మాటకి విలువుందని భర్త నోటినుంచి రామతులసి వినడం అదే మొదటిసారి.

మర్నాడు సీతకి తలంటుతూ చెప్పింది. కుంకుడు నురగ కళ్ళల్లో పడకుండా పిల్ల కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది. అందుకే ఆ సమయం ఎంచుకుంది.

"రేపు ఆస్పత్రికి వెళ్తున్నాం. అక్కడ ఎవరేమడిగినా మాట్లాడకూడదు. డాక్టరుగారు అడిగినా సరే. ఊఁ అని కూడా అనకూడదు."

"ఎన్నుఉ?" అంది సీత. ఎందుకు, అని.

రామతులసి కుంకుడు రసం మరికాస్త తల మీద పోసింది. "అమ్మ చెప్పింది కాబట్టి" అంది.

సీత కళ్ళు మూసుకునే సరేనని తలూపింది. తర్వాత చెంబుడు చన్నీళ్ళు మీద పోసినా కెవ్వుమనకుండా పెదాలు బిగించింది. ఇప్పట్నుంచే అలవాటు చేసుకుంటోంది. అది చూసి రామతులసి మొహం పక్కకి తిప్పుకుంది. ఏడుపు వచ్చింది. అయినా, చెప్పిన మాట వెనక్కి తీసుకోలేదు.

ఆస్పత్రికి రెండు రిక్షాల్లో వెళ్ళారు. ఒకదాంట్లో సంజీవరావూ సీతా. ఇంకోదాంట్లో రామతులసీ, కడుపులో బిడ్డ చెవులకి కాపలాగా మాణిక్యమ్మా. రోహిణి ఎండకి కాలవగట్టు రోడ్డు మండిపోతోంది.

శౌరయ్య గారు నడివయసు మనిషి. నుదుటి మీదికి తోసుకున్న ఎర్ర కళ్ళజోడుతో వింతగా ఉన్నాడు. చీకటి గదిలో తెర మీద బొమ్మ మసగ్గా కనిపిస్తుందనీ, ముందునుంచీ ఎర్ర అద్దాలు పెట్టుకుని కళ్ళని చీకటికి అలవాటు చేసుకోవాలనీ ఆయనే చెప్పాడు. మనిషి విసుక్కోకుండా చెబుతున్నాడు.

"మామూలు ఎక్స్‌రే ఫొటో తీస్తే నిలబడిపోయిన బొమ్మ వస్తుందండీ. మాటంటే కదలిక గదా. మనం మాట్లాడేటప్పుడు అంగిలి వెనకభాగం మెత్తగా పైకి లేచి, గొంతు వెనక గోడని ఆనుకుని, ముక్కు దారి మూసేస్తుంది. మూయకపోతే గాలంతా ముక్కులోకి పోతుంది. కుట్లు వేసిన తర్వాత కూడా కొందరు పిల్లలకి మాట ఎందుకు సాఫీగా రాదో, అదే నేను చూస్తున్నాను. పాప అసలేమీ మాట్లాడదా?"

"ఏమీ మాట్లాడదండీ" అన్నాడు సంజీవరావు.

డాక్టరు రామతులసి వైపు చూశాడు. ఆవిడ నేల వైపు చూసింది.

"సరే. అనమన్నవి అనలేక, తెర మీద అంగిలి కదలకుండా ఉంటే మాట లేదని రాసిస్తాను. కదిలిందా, ఆ హాస్టల్లో చేర్చాల్సిన పిల్ల కాదు. ఇంకో ఆపరేషనుకి మద్రాసు రాస్తాను. ఆ తర్వాత ఇంట్లో ఎవరో ఒకరు రోజూ కూర్చోబెట్టి, ఒక్కో అక్షరం పట్టి పలికించాలి. ఏడాది పట్టొచ్చు."

"ఎవరు కూర్చుంటారండీ?" సంజీవరావు నవ్వాడు. "ఈవిడకా ఇప్పుడు..." అని ఆపాడు.

నర్సు అమలమ్మ చిన్న గిన్నెలో తెల్లటి మందు కలిపి తెచ్చింది. అది పూస్తే నాలికా అంగిలీ తెర మీద తేటగా కనిపిస్తాయట. ఆ గిన్నె చూడగానే సీత తలెత్తి, నాలిక చాపి నిలబడింది. "ఎంత బుద్ధిమంతురాలమ్మా!" అని మురిసిపోయింది నర్సు. ముక్కులో ఆ మందే చుక్కలుగా వేసినా పిల్ల చప్పుడు చెయ్యలేదు. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి గానీ గొంతులోంచి ఏమీ రాలేదు.

"తల కదలకుండా లోపల ఎవరైనా పట్టుకోవాలి. మీరు రండమ్మా" అని అమలమ్మ, రామతులసి భుజానికి సీసపు ఏప్రన్ తగిలించబోయి, ఆగింది. "నెల తప్పలేదు గదా?"

"నాలుగో నెల."

"అమ్మో, అయితే మీరు లోపలికి రాకూడదు. ఆ కిరణాలు మంచివి కావు. వాళ్ళ నాన్నగారు వస్తారులెండి."

సంజీవరావు ఆ బరువైన ఏప్రన్ కట్టుకుని, పిల్ల చెయ్యి పట్టుకుని లోపలికి నడిచాడు. సీత గుమ్మంలో ఒకసారి వెనక్కి తిరిగి తల్లిని చూసింది. చూసి, పెదాలు ఇంకా బిగించింది, మర్చిపోలేదులే అన్నట్టు. తలుపు మూశారు. పైన ఎర్ర బల్బు వెలిగింది.

వరండాలో బెంచీల నిండా జనం. చెయ్యి విరిగినవాళ్ళూ, దగ్గేవాళ్ళూ, వాళ్ళతో వచ్చినవాళ్ళూ. మాణిక్యమ్మ చోటు సంపాదించుకుని విసనకర్ర తీసింది. రామతులసి తలుపు పక్కనే గోడకి ఆనుకుని నిలబడింది. పాత చెక్క తలుపు కావడంతో లోపలి మాటలు వినపడుతున్నాయి.

"భయం లేదమ్మా. చీకటైతే ఏం, నాన్న ఉన్నాడుగా. ఏదీ, ఆ అను."

నిశ్శబ్దం.

"ఈ అను. పోనీ, ఊదు. దీపం ఆర్పినట్టు, ఉఫ్ అను."

నిశ్శబ్దం.

"అమ్మా అను తల్లీ. అమ్మా అనడం కూడా రాదూ?"

రామతులసి గోడకి ఆనించిన తల తీసింది. అమ్మా అనడం రాదా దానికి! పుట్టి ఊపిరాడక ముక్కుల్లోంచి పాలు కక్కుతూ కక్కుతూ, ఏడాది నిండకముందే అన్న మాట అది. జ్వరంలో, కలవరింతలో, బళ్ళో తన్నులు తిని వచ్చి కుండ దగ్గర నీళ్ళు తాగుతూ అన్న మాట. లోకంలో దానికి పూర్తిగా వచ్చిన మాటలు నాలుగైదుంటే అందులో మొదటిది. అది కూడా అనకుండా చీకట్లో, ముక్కు నిండా మందుతో, నోరు మూసుకుని నిలబడింది. ఎందుకు? నేను చెప్పాను గనక. నాన్న చెబితే ఏడుస్తుంది, నేను చెబితే వింటుంది గనక. ఇన్నేళ్ళూ ఈ ఇంట్లో నాకు చెప్పినవన్నీ నేను విన్నట్టే అదీ వింటోంది. అన్నం వడ్డించేటప్పుడు మాట్లాడకు, ఆయన లెక్కలు చూసుకునేటప్పుడు మాట్లాడకు, మావాళ్ళు వచ్చినప్పుడు మీవాళ్ళ ఊసెత్తకు. నాకు అంగిలి బాగానే ఉంది. నా మాట ఏ ముక్కులోంచీ పోదు. మరి అదంతా ఎక్కడికి పోయింది ఇన్నాళ్ళూ? వినడం ఎలాగో దానికి నేర్పింది నేనే. ఇవాళ ఇది గనక నెగ్గితే, అమ్మ చెప్పినట్టు చేశానని సంతోషంగా ఇంటికి వస్తుంది. వచ్చేవారం దాన్ని తీసుకెళ్ళి అక్కడ వదిలేస్తారు. ఎందుకు వదిలేశారో దానికి ఎవరూ చెప్పరు. అడగడానికి దాని మాట తెలిసినవాళ్ళు అక్కడ ఒక్కరూ ఉండరు.

లోపల డాక్టరు నిట్టూర్చడం వినిపించింది. "ఏ కదలికా లేదండీ. సరే, ఇంకేం చేస్తాం, రాసిస్తాను. అమలమ్మా, లైటు..."

"సీతా!"

అంత గట్టి గొంతు తనకి ఉందని రామతులసికే తెలియదు. వరండా అంతా తలలు తిప్పింది. మాణిక్యమ్మ చేతిలో విసనకర్ర ఆగిపోయింది. "పిచ్చెక్కిందా ఏమే? కూచో ఇటు" అంటోంది.

రామతులసి రెండు చేతులూ తలుపు మీద ఆనించింది. "సీతా, మాట్లాడమ్మా! మాట్లాడు! ఏదైనా సరే, నీకు అనాలనున్నదేదో అను!"

లోపల్నుంచి ఆ గొంతు వచ్చింది. సన్నగా, ముక్కులోంచి, మధ్యలో తెగిపోతూ, బయటి జనానికి మొదటి మాట తప్ప ఇంకేదీ తెలియకుండా.

"అమ్మా... నున్నేఆ మా'ఆనొన్నన్నాన్?"

"లైటు వెయ్యొద్దు!" డాక్టరు కేక. "లేస్తోంది! చూశారా, ఎంత బాగా లేస్తోందో! వెనక గోడ దాకా పోలేకపోతోంది, అంతే. చిటికెన వేలంత సందు. కుట్టిన అంగిలి పొట్టిదైపోయింది. పిల్ల చెయ్యగలిగిందంతా చేస్తోందండీ, అందితే గదా పాపం! ఇంకోసారి అనమ్మా. ఏమంటోందండీ పాప?"

"అమ్మ కావాలంటోందండీ" అన్నాడు సంజీవరావు. "చీకటికి భయపడింది. అది తప్ప ఇంకేమీ రాదు."

బెంచీ మీద ఎవరో ముసలావిడ "అయ్యో తల్లీ" అని కళ్ళొత్తుకుంది. వరండా అంతా రామతులసి వైపు జాలిగా చూసింది. బిడ్డ పిలిచిన తల్లి. ఆవిడ అప్పుడు మెదలకుండా ఉండిపోయినా సరిపోయేది. పిల్ల తనని పిలిచిందన్న మంచి పేరు కూడా దక్కేది. మాణిక్యమ్మ లేచి వచ్చి మోచెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యిని రామతులసి మెల్లిగా విడిపించుకుంది.

"కాదండీ డాక్టరుగారూ," అంది తలుపు మీదికి వంగి, ఒక్కో మాటా లోపలికి వినపడేలా. "అమ్మా, నువ్వేగా మాట్లాడొద్దన్నావ్, అంటోంది. నన్నే అడుగుతోంది. నిన్న తలంటుతూ నేనే చెప్పానండీ, ఇక్కడ నోరు విప్పొద్దని. ఆయన చెప్పమన్నారు, నేను చెప్పాను. నా కూతురికి మాట ఉంది. అలాగే రాయండి."